ఫైటర్ల కోసం 12 వారాల రన్నింగ్ ప్లాన్: తీసుకోవచ్చా?

బాక్సింగ్, కిక్‌బాక్సింగ్, ఎంఎంఏ (కొట్టడం, కుస్తీ రెండూ కలిసిన ఫైట్) చేసేవాళ్ల కోసమే తయారుచేశామని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక రన్నింగ్ ప్లాన్‌ని మొదటి వారం నుంచి చివరి వారం దాకా చేసి చూశాను. ముందే చెప్పేస్తున్నా, పైకి చూస్తే సాదాసీదాగా ఉంటుంది, రెండు మూడు చోట్ల గట్టి లోపాలు కూడా ఉన్నాయి, కానీ ఫైటర్ అసలు ఎందుకు పరిగెత్తాలి అనేది తెలిసినవాళ్లే దీన్ని రాశారు. అందుకే నాకు నచ్చింది. పేరు రాయడం లేదు. ఇలాంటి ప్లాన్‌లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, రేపు మీ చేతికి ఇంకోటి వచ్చినా అందులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అన్నది ఇలాగే చూసుకోవచ్చు.

డబ్బు కట్టగానే వచ్చేది ఒక యాప్, అందులో 12 వారాల షెడ్యూల్, వారానికోసారి మన డేటా చూసి మెసేజ్ పెట్టే ఒక కోచ్. మొదట్లో కొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఏ ఆట, రౌండ్ ఎన్ని నిమిషాలు, మధ్యలో విరామం ఎంత, వారంలో స్పారింగ్ (పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్ ఫైట్) ఏయే రోజులు, ఫైట్ తేదీ ఖాయమైందా లేదా. తర్వాత 12 నిమిషాల టెస్ట్, అంటే ఆ టైమ్‌లో ఎంత దూరం పరిగెత్తగలమో కొలవడం. 1968లో కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళం కోసం రూపొందించిన టెస్టే ఇది, ల్యాబ్ అక్కర్లేదు, ట్రాక్ దొరికితే చాలు. ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ పట్టీ మాత్రం తప్పనిసరి, అది మనమే కొనుక్కోవాలి. ఈ షరతు చూడగానే చిరాకేస్తుంది గానీ ప్లాన్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది, ఎందుకో కింద చెప్తాను.

ముందు అసలు గొడవ సంగతి చూద్దాం. జిమ్‌లో రన్నింగ్ మాట ఎత్తితే చాలు, రెండు పార్టీలు అయిపోతాయి. తెల్లవారుజామున రోడ్డు మీద పడనివాడు ఫైటరే కాదనేది ఒక పార్టీ. మహమ్మద్ అలీ బరువైన బూట్లు వేసుకుని చీకటితోనే పరుగు మొదలుపెట్టేవాడని, హెవీవెయిట్ బాక్సర్ రాకీ మార్సియానో 49 ఫైట్లలో ఒక్కటీ ఓడకుండా రిటైర్ అయ్యాడంటే దాని వెనక ఎన్ని మైళ్ల రోడ్‌వర్క్ ఉందో చూడమని, థాయ్ క్యాంపుల్లో ఇప్పటికీ పొద్దున ట్రైనింగ్ పరుగుతోనే మొదలవుతుందని వీళ్లు చెప్తారు. రెండో పార్టీ మాట ఇంకోలా ఉంటుంది. ఫైట్ అంటే మెరుపులా కదిలే ఆట, గంటసేపు ఒకే వేగంతో సాగే పరుగుతో దానికి పనేముంది, దూరాలు పరిగెత్తితే కాళ్లు మొద్దుబారిపోతాయి, పంచ్‌లో పదును పోతుంది, కాబట్టి స్ప్రింట్లు, సర్క్యూట్లు (వరసగా చేసే రకరకాల వ్యాయామాలు) చేసుకుంటే సరిపోతుంది అంటారు. మొదటి పార్టీ చేసేది చాలావరకు కరెక్టే గానీ ఎందుకు కరెక్టో చెప్పలేరు, అందుకే పాత పద్ధతి అని కొట్టిపారేస్తే జవాబు ఉండదు. రెండో పార్టీకి కారణాలు తెలుసు, కానీ సగమే తెలుసు.

ఆ మిగతా సగం ఏంటో చూడండి. ఒక కాంబినేషన్ (వరస పంచ్‌లు) వేయడానికో, టేక్‌డౌన్‌కి (ఎదుటివాణ్ని కింద పడేయడానికి) దూకడానికో పట్టేది రెండు మూడు సెకన్లు. ఆ శక్తి కండరంలో అప్పటికే నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే రెడీమేడ్ ఇంధనాల నుంచి వస్తుంది, పూర్తి బలంతో వాడితే 10 సెకన్లలో దాదాపు ఖాళీ అయిపోతుంది. ఆ పైన గ్లైకోలిసిస్, అంటే ఆక్సిజన్ కోసం ఆగకుండా చక్కెర నుంచి శక్తి తీయడం, అందుకుంటుంది, అది ఒక నిమిషం, నిమిషంన్నర గట్టిగా లాగుతుంది, దాంతోపాటే కండరాల్లో మంట, చేతులు సీసం పోసినట్టు బరువెక్కడం. ఇంతవరకు స్ప్రింట్ పార్టీ చెప్పేది నిజమే. కానీ ఖాళీ అయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ మళ్లీ నిండాలంటే ఆక్సిజన్ కావాలి. ఊరికే నిలబడితే అర నిమిషంలో సుమారు సగం నిండుతుంది, దాదాపు పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఫైట్‌లో అంత తీరిక ఎవరిస్తారు? రెండు కాంబినేషన్ల మధ్య దొరికే ఆ నాలుగైదు సెకన్లలో, రౌండ్ల మధ్య కూర్చునే ఆ ఒక్క నిమిషంలో ఎంత నింపుకోగలం అనేది మన ఏరోబిక్ బేస్ (ఆక్సిజన్ వాడుకుని ఎక్కువసేపు పనిచేసే సామర్థ్యం) మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి రౌండ్‌లో అందరూ ఫాస్టే. మూడో రౌండ్‌లో కూడా అదే జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) అదే వేగంతో వెళ్తోందా, గార్డ్ (ముఖానికి కాపుగా ఎత్తిన చేతులు) పైనే ఉందా, ఊపిరి అందక నోరు తెరిచి వెనక్కి నడుస్తున్నామా అనేది తేల్చేది ఇదే. దమ్ము అని మనం అనేది చాలావరకు ఈ మళ్లీ నింపుకునే వేగమే.

నెమ్మదిగా, ఎక్కువసేపు పరిగెత్తితే గుండెకి జరిగేది స్ప్రింట్ల వల్ల అంతగా జరగదు. గుండె మరీ వేగంగా కొట్టుకోకుండా, ప్రతి కొట్టుకి బాగా నిండుతూ 40 నిమిషాలు, గంట పనిచేస్తే నెలలు గడిచేకొద్దీ ఒంటికి రక్తం పంపే ఎడమ జఠరిక గది పెద్దదవుతుంది, ఒక్కో కొట్టుకి పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో రక్తకేశనాళికలు, మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు) పెరుగుతాయి. దీనికి కావాల్సింది పెద్ద కండరాలు ఒకే లయలో, ఆగకుండా, ఎక్కువసేపు కదలడం. ప్యాడ్లు (పార్ట్‌నర్ పట్టుకునే మెత్తలు) కొడుతూ గంటసేపు గుండెని అదే స్థాయిలో ఉంచడం కష్టం, భుజాలు ముందే అలిసిపోతాయి, లేదా హుషారొచ్చి గట్టిగా కొట్టేస్తాం. సైకిల్, ఈత, రోయింగ్ మెషీన్ ఈ పని చేస్తాయి. పరుగుకి మాత్రం షూ తప్ప ఇంకేం అక్కర్లేదు, పార్ట్‌నర్ కోసం ఎదురుచూడక్కర్లేదు, పైగా ఫైటర్ కాళ్ల మీద నిలబడి చేసే పని కాబట్టి పిక్కలకి, పాదాలకి కూడా అలవాటవుతుంది.

20 సెకన్లు పని, 10 సెకన్లు విశ్రాంతి అనే టబాటా పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే రన్నింగ్ వద్దనేవాళ్లు మొదట చూపించేది దాన్నే. 1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి టబాటా బృందం ప్రచురించిన అధ్యయనంలో ఒక గ్రూపు వారానికి 5 రోజులు, రోజుకి గంట మధ్యస్థ వేగంతో సైకిల్ తొక్కింది, ఇంకో గ్రూపు ఆ 20-10 పద్ధతిలో తొక్కింది. 6 వారాల తర్వాత ఇద్దరికీ ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పెరిగింది, రెండో గ్రూపుకి అదనంగా అనరోబిక్ సామర్థ్యం (ఆక్సిజన్ మీద ఆధారపడకుండా గట్టిగా పనిచేసే శక్తి) 28 శాతం పెరిగింది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. చెప్పని సంగతి ఏంటంటే, ఆ రెండో గ్రూపు కూడా వారంలో ఒక రోజు అరగంట స్థిరమైన వేగంతో తొక్కింది. రెండోది, వాళ్లు చేసిన తీవ్రత ఎంతంటే ఏడెనిమిది సెట్లకే ఇక తొక్కలేక ఆగిపోవాలి. జిమ్‌లో మనం మ్యాట్ మీద బర్పీలు వేస్తూ పెట్టుకునే టైమర్‌కి దానికి పోలికే లేదు. పైగా 6 వారాల్లో వచ్చిన మార్పు ఒక సంగతి, ఏళ్ల తరబడి కట్టుకునే గుండె బలం ఇంకో సంగతి.

ఇప్పుడు ప్లాన్‌లోకి వద్దాం. మొదటి నాలుగు వారాలు మొత్తం నెమ్మది పరుగే. వారానికి మూడు, తర్వాత నాలుగు పరుగులు, అరగంటతో మొదలై గంట దాకా. వేగం ఎంతో చెప్పరు, హార్ట్ రేట్ హద్దు ఒకటి ఇస్తారు, అది దాటితే ఫోన్ మోగుతుంది, నడవాలి. అంతే. చాలామంది ఇక్కడే వదిలేస్తారని నా అనుమానం, ఎందుకంటే ఫైటర్‌కి ఇంత నెమ్మదిగా వెళ్లడం అవమానంలా అనిపిస్తుంది. పక్కనుంచి కాలేజీ పిల్లలు దాటిపోతుంటారు, పెద్దవాళ్లు వాకింగ్ చేస్తూ పలకరిస్తారు, మనం మాత్రం ఫోన్ మోగిందని నడుస్తుంటాం. కానీ ఈ భాగమే నాకు ప్లాన్‌లో అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. ఎందుకంటే ఫైటర్ల రన్నింగ్‌లో నేను చూసిన పెద్ద జబ్బు ఏంటంటే ప్రతి పరుగునీ పోటీ చేసేయడం. రోజూ అదే రూటు, నిన్నటి టైమ్ కంటే కాస్త తగ్గించాలని తపన. ఆ వేగం గుండెని పెంచేంత నెమ్మదీ కాదు, స్ప్రింట్ లాభం వచ్చేంత గట్టిదీ కాదు, మధ్యలో ఎక్కడో ఉండి సాయంత్రం స్పారింగ్‌కి కాళ్లు లేకుండా చేస్తుంది. అప్పుడు రన్నింగ్ వల్ల స్లో అయ్యాను అంటారు. పరుగు వల్ల కాదు, ఆ మధ్య వేగం వల్ల.

దూరపు పరుగు, స్కీయింగ్, రోయింగ్ లాంటి ఆటల్లో ప్రపంచస్థాయి వాళ్ల ట్రైనింగ్‌ని గమనించిన క్రీడా శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలికవే అని చూపించాడు. అంత గట్టివాళ్లే అంత తేలికగా పరిగెత్తుతుంటే, వారానికి మూడు నాలుగు సార్లు స్పారింగ్, ప్యాడ్లు, బ్యాగ్ చేసే మనకి గట్టి పని ఇప్పటికే కావాల్సినంత ఉంది. కొరత ఉన్నది తేలిక పనికే. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ప్లాన్ కొనకపోయినా సగం లాభం మీకు వచ్చినట్టే.

ఛాతీ పట్టీ ఎందుకు తప్పనిసరో కూడా అర్థమయ్యే ఉంటుంది. గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి పట్టీ లెక్క నమ్మొచ్చు. మణికట్టు మీద వాచ్ కాంతితో రక్తప్రవాహాన్ని చూసి లెక్కేస్తుంది, వేగం ఒక్కసారిగా మారినప్పుడు, చెమట పట్టి వాచ్ జారినప్పుడు తప్పులు చూపిస్తుంది, బ్యాండేజ్ చుట్టి గ్లవ్స్ వేస్తే అసలు పెట్టుకోనేలేం. ఇంకో మంచి పని ఏం చేశారంటే, 220లోంచి వయసు తీసేసే లెక్కతో హద్దులు పెట్టలేదు. ఆ లెక్క ఒక్కో మనిషి విషయంలో 10, 12 కొట్టుల దాకా అటూ ఇటూ పోతుంది, అంత తేడా ఉంటే తేలిక పరుగు అనుకున్నది తేలిక కాకుండా పోతుంది. 12 నిమిషాల టెస్ట్ చివర్లో పట్టీ చూపించిన అంకెల్నే ఆధారంగా తీసుకున్నారు. పట్టీ కొనలేనివాళ్లకి ప్లాన్‌లో లేని ఉపాయం ఒకటి చెప్తా: పరిగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం తగ్గించండి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

ఐదో వారం నుంచి రెండో దశ. రెండు పరుగులు తేలికగానే ఉంటాయి, ఒకటి ఇంటర్వెల్స్ (గట్టి పరుగు, విరామం మార్చి మార్చి) అవుతుంది, ఒకటి గుట్ట స్ప్రింట్లు. మొదట్లో అడిగిన ప్రశ్నలు ఇక్కడ పనికొస్తాయి. బాక్సర్ అని చెప్తే 3 నిమిషాలు గట్టిగా, 1 నిమిషం నడక. ఎంఎంఏ అయితే 5 నిమిషాలు, 1 నిమిషం. మువాయ్ థాయ్ (థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్) అయితే 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాల విరామం. ఫ్రీస్టయిల్ రెజ్లింగ్ ఎంచుకుని చూశాను, 3 నిమిషాలు రెండు సార్లు, మధ్యలో 30 సెకన్లు, దాన్ని కొన్ని బ్లాకులుగా చేశారు. అసలు పోటీ నిబంధనల్లో ఉన్న టైమింగ్‌లే ఇవన్నీ, ఒకే షెడ్యూల్‌ని పేరు మార్చి అందరికీ అంటగట్టలేదు. విరామం చివర్లో గుండె ఎంత కిందికి దిగిందో యాప్ గ్రాఫ్ వేసి చూపిస్తుంది. అదే నాకు ఎక్కువ నచ్చిన ఫీచర్. ఎంత వేగంగా పరిగెత్తామన్నది ఫైటర్‌కి పెద్దగా అక్కర్లేదు, కార్నర్‌లో కూర్చున్న ఆ నిమిషంలో ఎంత కోలుకున్నామన్నది కావాలి. వారాలు గడిచేకొద్దీ ఆ గీత ఇంకా కిందికి, ఇంకా త్వరగా దిగడం కళ్లారా చూస్తే ఆ నెమ్మది పరుగుల మీద నమ్మకం దానంతట అదే వస్తుంది.

గుట్ట స్ప్రింట్ల గురించి ఒక మాట. 8 నుంచి 10 సెకన్లు ఎత్తు మీదికి పూర్తి బలంతో, తర్వాత నిదానంగా దిగి, ఊపిరి పూర్తిగా సర్దుకున్నాకే ఇంకోటి. చదును మీద స్ప్రింట్ కంటే పాదం నేలని తాకే దెబ్బ తక్కువ, తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం తక్కువ, తుంటి నుంచి నెట్టే బలం పంచ్‌కీ కిక్‌కీ నేరుగా పనికొస్తుంది. కొంతమంది దీన్ని ఆయాసం వచ్చేదాకా విరామం లేకుండా చేస్తారు, అప్పుడది బలం కోసం చేసే పని కాకుండా పోతుంది. ప్లాన్ ఈ విషయంలో గట్టిగా ఉంది, గుండె ఫలానా అంకెకి దిగేదాకా తర్వాతి స్ప్రింట్ మొదలుపెట్టనివ్వదు.

బరువులు ఎత్తేవాళ్లకి ఉండే భయం ఒకటుంది, పరిగెత్తితే బలం పోతుందని. ఈ భయం ఉత్తదేం కాదు. 1980లో రాబర్ట్ హిక్సన్ చేసిన అధ్యయనంలో బలం, ఓర్పు ట్రైనింగ్‌లు రెండూ కలిపి చేసినవాళ్ల బలం కొన్ని వారాలు పెరిగి, చివరి వారాల్లో తగ్గడం మొదలైంది. కాకపోతే వాళ్లు వారానికి 6 రోజులు గట్టి ఓర్పు ట్రైనింగ్, దాని పైన దాదాపు రోజూ బలం ట్రైనింగ్ చేశారు. ఈ ప్లాన్‌లో గట్టి పరుగులు వారానికి రెండే, పైగా లెగ్ డేకి (కాళ్ల కోసం బరువులు ఎత్తే రోజుకి) దూరంగా పెట్టుకోమని చెప్తుంది. అలా ఉంటే భయపడాల్సిన పని లేదనే నా నమ్మకం.

పరుగుతో రానివి కూడా ఉన్నాయి, వాటిని ప్లాన్ దాచలేదు. గుండె ఎంత రక్తం పంపినా 10 ఔన్సుల గ్లవ్స్ పైకి పట్టుకుని ఉండాల్సింది భుజాలు. క్లించ్‌లో (నిలబడి ఒకర్నొకరు పట్టుకున్నప్పుడు) మెడని, కింద పట్టు విడవకుండా ముంజేతుల్ని బిగించి ఉంచే ఓర్పు రోడ్డు మీద రాదు. గంటసేపు హాయిగా పరిగెత్తే మనిషి రెండు నిమిషాల గ్రాప్లింగ్‌కి, అంటే పట్టుల కుస్తీకి, రొప్పడం ఏ జిమ్‌లోనైనా కనిపిస్తుంది. అందులో సగం కండరాల అలవాటు లేకపోవడం, సగం టెన్షన్: ఒళ్లంతా బిగబట్టి, ఊపిరి బిగబట్టి కదులుతారు. అందుకే మూడో దశలో, అంటే తొమ్మిదో వారం నుంచి, ఇంటర్వెల్ పరుగుని తీసేసి అదే టైమింగ్‌తో బ్యాగ్ మీద, ప్యాడ్ల మీద చేయమంటారు, పరుగు తేలికదిగా మాత్రమే మిగులుతుంది, ఫైట్ దగ్గరపడే కొద్దీ అదీ తగ్గుతుంది. ఈ క్రమం చాలా సరైనది. ముందు గుండె, తర్వాత వేగం, చివర్లో ఆట. డియాజ్ సోదరులు (నిక్, నేట్ అనే ఫైటర్లు) ట్రయాథ్లాన్‌లు (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీలు) చేసేవారన్నది ఎంఎంఏ చూసే అందరికీ తెలుసు. 2016 మార్చిలో నేట్ డియాజ్ రెండు వారాలు కూడా లేని వ్యవధిలో ఒప్పుకుని కానర్ మెక్‌గ్రెగర్‌ని రెండో రౌండ్‌లో ఓడించినప్పుడు ఆ బేస్ ఏళ్ల తరబడి సిద్ధంగా ఉండడం సాయపడిందనే నేను అనుకుంటాను. కానీ ఆఖర్న గెలిపించింది మాత్రం పంచ్‌లు, వెనక నుంచి గొంతు బిగించిన చోక్. పరుగు ఆ నైపుణ్యం అలిసిపోకుండా చూసుకుంది, అంతే.

ఇక లోపాలు. మొదటిది పెంచే వేగం. మొదటి నెలలోనే అరగంట పరుగు గంట అవుతుంది, సెషన్లూ పెరుగుతాయి. ఎప్పుడూ పరిగెత్తని ఫైటర్‌కి ఇది ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపేవి) అంత త్వరగా పడవు. లెక్క చూడండి: నిమిషానికి 160 అడుగులు, 40 నిమిషాలంటే 6,400 అడుగులు, ప్రతి అడుగుకీ శరీర బరువుకి రెండు మూడు రెట్ల దెబ్బ. కిక్‌లు కొట్టేవాళ్లకి మోకాలి కింది ఎముక మీద అప్పటికే దెబ్బలు ఉంటాయి, దాని మీద ఇది. నాకు మూడో వారానికల్లా షిన్ (మోకాలి కింది ఎముక) లోపలి అంచున నొప్పి మొదలైంది, కోచ్‌కి రాస్తే ఐస్ పెట్టండి అని ఒక్క ముక్క జవాబొచ్చింది. నేనే రెండు పరుగుల్ని సైకిల్ మీదికి మార్చుకున్నాను, హార్ట్ రేట్ హద్దు అలాగే ఉంచి. నొప్పి తగ్గింది, బేస్ ఆగలేదు. ఈ మార్పు ప్లాన్‌లోనే ఉండాలి కదా. నొప్పి ఒక్క చోటే, వేలితో నొక్కితే జివ్వుమనేలా, రాత్రి పడుకున్నా ఉంటే మాత్రం అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) కావచ్చు, పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకోండి, పట్టుదలకి పోవద్దు.

రెండోది చిన్నదే గానీ విసిగిస్తుంది. ఒక పరుగు కుదరక ముందుకు జరిపితే యాప్ మిగతావన్నీ తనంతట తానే జరిపేస్తుంది, అలా జరిపినప్పుడు స్పారింగ్ రోజుల సంగతి మర్చిపోతుంది. గట్టి స్పారింగ్ మర్నాడే ఇంటర్వెల్స్ వచ్చి కూర్చుంటాయి. చేత్తో సరిచేసుకోవాలి.

మూడోది నాకు కోపం తెప్పించింది. ఫైట్ వారం నోట్స్‌లో బరువు దించడానికి ప్లాస్టిక్ సూట్ వేసుకుని తేలికపాటి పరుగు అని ఒక ఐచ్ఛిక సెషన్ ఉంది. మిగతా ప్లాన్ అంత జాగ్రత్తగా రాసినవాళ్లు ఇది ఎలా పెట్టారో నాకు అర్థం కాలేదు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు కొద్ది వారాల తేడాలో చనిపోయారు, ముగ్గురూ బరువు దించుకునే ప్రయత్నంలోనే, చెమట పట్టించే సూట్లు వేసుకుని వేడిలో వ్యాయామం చేస్తూ. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంస్థ అలాంటి సూట్లని, సానాల్ని (చెమట పట్టించే వేడి గదుల్ని) నిషేధించింది. శరీరం తనను తాను చల్లబరచుకునేది చెమట ఆరడం వల్ల, ఆ సూట్ సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. అప్పటికే నీళ్లు తగ్గించి, తిండి తగ్గించి ఉన్న మనిషి దాన్ని వేసుకుని పరిగెత్తడం ప్రాణంతో చెలగాటం. దిగేది కొవ్వు కాదు, నీరు. నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, ఇన్ని వారాలు కష్టపడి పెంచుకున్న గుండె సామర్థ్యం సరిగ్గా ఫైట్ ముందు పోతుంది. ఇది తీసేయమని వాళ్లకి రాశాను, చూస్తాం అన్నారు. మీరు ఈ ప్లాన్ తీసుకున్నా ఆ సెషన్ జోలికి వెళ్లొద్దు, జిమ్‌లో కుర్రాళ్లకి కూడా చెప్పండి.

నాలుగోది తల దెబ్బలు. ఫైటర్ల ప్లాన్ అన్నప్పుడు స్పారింగ్‌లో తలకి గట్టి దెబ్బ తగిలితే మర్నాడు పరిగెత్తాలా వద్దా అనేది తప్పకుండా ఉండాలి. ఒక్క వాక్యం కూడా లేదు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అనుమానం ఉంటే ముందు డాక్టర్, మొదటి ఒకటి రెండు రోజులు తేలిక విశ్రాంతి, తర్వాత నడకతో మొదలుపెట్టి లక్షణాలు పెరగడం లేదని చూసుకుంటూ మెల్లగా పెంచడం అనేదే ఇప్పుడు వైద్యులు చెప్పే పద్ధతి. తల దిమ్ముగా ఉన్నా షెడ్యూల్‌లో ఉంది కదా అని ఇంటర్వెల్స్‌కి వెళ్లే పిల్లలు ఉంటారు, యాప్ వాళ్లని ఆపదు, పైగా సెషన్ వదిలేస్తే ఎర్ర గుర్తు పెడుతుంది. ఆ ఎర్ర గుర్తు ఈ ఆటకి పనికిరాదు.

సర్వీస్ విషయానికొస్తే, వారం వారం వచ్చే కోచ్ మెసేజ్‌లు కొన్నిసార్లు నిజంగా మన డేటా చూసి రాసినట్టు ఉంటాయి, కొన్నిసార్లు అందరికీ పంపే మూస మెసేజ్‌లా ఉంటాయి. ఇంటర్వెల్స్‌లో మొదటి రెండు మరీ వేగంగా వెళ్లి చివర్లో పడిపోతున్నావని ఒకసారి పట్టుకున్నారు, అది సరైన మాట, స్పారింగ్‌లో కూడా నా అలవాటు అదే. మెసేజ్‌కి జవాబు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పట్టీ డేటా అప్పుడప్పుడు సింక్ అవదు, యాప్ మూసి తెరిస్తే వస్తుంది. 12 వారాలు అయ్యాక సబ్‌స్క్రిప్షన్ దానంతట అదే కొనసాగుతుంది, సెట్టింగ్స్‌లో ముందే ఆపేసుకోండి.

పూర్తయ్యాక తేడా ఏంటంటే, అదే వేగానికి గుండె స్పష్టంగా తక్కువగా కొట్టుకుంటోంది, స్పారింగ్ చివరి రౌండ్లలో ఆలోచించి కొట్టగలుగుతున్నాను, అది నాకు ముఖ్యం. ఊపిరి అందనప్పుడు మొదట పోయేది బుర్ర, ఆ తర్వాతే కాళ్లు. జిమ్‌లో మా సార్ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు, ఆయనే "ఇప్పుడు మూడో రౌండ్‌లో కూడా నా మాట వినపడుతోందిరా నీకు" అన్నారు.

ఎవరు తీసుకోవచ్చంటే, ఇప్పటికే వారానికి మూడు నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తూ, టెక్నిక్ పర్వాలేదనిపించుకుని, రెండో రౌండ్‌కే ఆయాసపడేవాళ్లు తప్పకుండా. రోజూ గట్టిగా పరిగెత్తి అలిసిపోతున్నవాళ్లకి ఇంకా ఎక్కువ లాభం. వారానికి రెండు రోజులే టైమ్ దొరికే కొత్తవాళ్లు అక్కర్లేదు, ఆ రెండు రోజులూ మ్యాట్ మీద, బ్యాగ్ దగ్గర పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు కుదిరితే కాసేపు తేలికగా పరిగెత్తండి చాలు. ఫైట్‌కి మూడు వారాలే ఉందంటే కూడా వద్దు, బేస్ అంత తొందరగా రాదు. 100 కిలోల పైన ఉన్నవాళ్లు, మోకాళ్ల సమస్య ఉన్నవాళ్లు ఇప్పుడున్న రూపంలో తీసుకోకండి, సైకిల్ మీదో రోయింగ్ మెషీన్ మీదో ఇవే హార్ట్ రేట్ హద్దులతో చేసుకోండి. హెవీవెయిట్‌ల కోసం వేరే వెర్షన్ తయారవుతోందని సపోర్ట్ వాళ్లు చెప్పారు, మా జిమ్‌లో ఒక పెద్ద మనిషి దాని కోసమే ఆగి ఉన్నాడు. అది వచ్చాక ఆయన చేసి చెప్పింది ఇక్కడే కలుపుతాను. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, ఆ ప్లాస్టిక్ సూట్ సెషన్ తీసేసిన రోజు నాలుగు చేస్తాను.